నడుం పట్టేసిన రోజు తలుపు తీసేదెవరు?

తమ్ముడూ,

నడుం కింద నొప్పి, కుడి తుంటి దాకా పాకుతోంది, డాక్టర్ దగ్గరికి వెళ్ళాలా ఆగాలా అని అడిగావు. చెబుతాను. ముందు నా సంగతి విను. ఇరవై రెండేళ్ళ కిందట నేను చేసిన తప్పుల్లో సగమైనా నువ్వు ఈపాటికి చేసే ఉంటావు.

ఇల్లు వదిలి ఇక్కడికి వచ్చిన రెండో నెలలో ఎవరో వద్దని వదిలేసిన రాత బల్లను ఒక్కణ్ణే మూడో అంతస్తుకు మోసుకొచ్చాను. సాయం అడగడానికి మొహమాటం. అసలు అడగడానికి తెలిసినవాళ్ళేరీ? ఆ సాయంత్రం ఏమీ కాలేదు. మర్నాడు పళ్ళు తోముకుంటూ సింకు మీదికి వంగాను, అంతే, నడుం తాళం వేసినట్టు పట్టేసింది. నేల మీద పరుపు. దాని మీంచి లేవాలంటే గోడ పట్టుకుని పావుగంట.

కదిలితే డిస్క్, అంటే వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి దిండు, ఇంకా జారిపోతుందని నాకు నేనే తీర్పు చెప్పేసుకుని తొమ్మిది రోజులు ఆ పరుపు దిగలేదు. ఆఫీసుకు జ్వరమని అబద్ధం. నిజానికి మామూలు నడుం నొప్పికి పడక మందు కాదు. ఒకటి రెండు రోజులు నెమ్మదిగా ఉండి, ఆ తర్వాత ఓర్చుకోగలిగినంత నడవాలి. ఎక్కువమందికి కొన్ని వారాల్లో దానంతట అదే సర్దుకుంటుంది. నేనేమో పడుకుని బిగుసుకుపోయాను.

పైగా వస్తూ తెచ్చుకున్న నొప్పి బిళ్ళలు రెండు రకాలు కలిపి మింగాను. పేర్లు వేరు, లోపల రెండిట్లోనూ డైక్లోఫెనాక్ అనే ఒకే నొప్పి మందు. అదీ ఖాళీ కడుపున. నడుం సంగతి అలా ఉంచి కడుపులో మంట మొదలైంది. ఈ జాతి మందులు కడుపులో పుండు చేస్తాయి, కిడ్నీలనూ దెబ్బతీస్తాయి. అట్ట వెనక చిన్న అక్షరాలు చదవడం అప్పుడు నేర్చుకున్నాను. మీరు ఫోన్లో అన్నీ చూస్తారు గానీ అది మాత్రం చూడరు.

ఇవన్నీ చిన్న తప్పులే. పెద్దది, ఎవరికీ చెప్పకపోవడం. అమ్మ ఫోన్ చేస్తే "బాగున్నాను" అన్నాను, పడుకునే. రాత్రిళ్ళు నొప్పి రెట్టింపయ్యేది. పగలు వీధి చప్పుడైనా ఉండేది, రాత్రి నేనూ నా నడుమూ, అంతే. ఒంటరితనానికీ నొప్పికీ పొత్తు ఉందని అప్పట్లో నాకు తెలియదు. దిగులు, నిద్రలేమి, భయం ఉన్నవాళ్ళకు నడుం నొప్పి త్వరగా వదలదని డాక్టర్లే చెబుతారు. పదో రోజు ఆఫీసులో ఒక పెద్దాయన అనుమానం వచ్చి వచ్చారు. తలుపు కొడుతుంటే పాక్కుంటూ వెళ్ళి తీశాను.

ఆయనే క్లినిక్‌కి తీసుకెళ్ళారు. అక్కడ డాక్టర్ నా కాలు చాపించి పైకి లేపింది, మోకాళ్ళ మీద చిన్న సుత్తితో తట్టింది, మడమల మీదా మునివేళ్ళ మీదా నడిపించింది, మూత్రం సరిగ్గా వస్తోందా అని అడిగింది. స్కాన్ రాయలేదు. నాకు ఒళ్ళు మండింది. ఆమె లెక్క సరైనదేనని తర్వాత అర్థమైంది. 2015లో వచ్చిన, వైద్య పరిశోధనల ఒక పెద్ద సమీక్షలో, ఏ నొప్పీ లేని ఇరవై ఏళ్ళవాళ్ళలోనే 37 శాతం మందికి స్కాన్‌లో డిస్కుల అరుగుదల కనిపించింది, ఎనభై ఏళ్ళవాళ్ళలో 96 శాతానికి. ఆ బొమ్మ నేను చూసుంటే ఇంకో తొమ్మిది రోజులు పరుపు మీదే ఉండేవాణ్ణి.

నీ తుంటి గురించి. "తుంటి" అంటూ మనం చెయ్యి పెట్టేది పిరుదు మీద. అక్కడి నొప్పి చాలాసార్లు నడుం నుంచి వచ్చిందే. అది పిరుదు నుంచి తొడ వెనగ్గా పిక్క దాటి పాదం దాకా జివ్వున లాగితే నరం నొక్కుకున్నట్టు, అదే సయాటికా. అసలు తుంటి కీలు చెడితే నొప్పి ఎక్కువగా గజ్జలో తెలుస్తుంది, సాక్స్ వేసుకోవడం, కారెక్కడం కష్టమవుతుంది. ఒక్కోసారి మోకాలి నొప్పిగానూ దొంగవేషం వేస్తుంది. స్టెరాయిడ్లు చాలాకాలం వాడినవాళ్ళకు గజ్జలో నొప్పి మొదలైతే ఆలస్యం చేయకూడదు, కీలు ఎముకకు రక్తం అందక దెబ్బతినవచ్చు.

ఇక, అర్ధరాత్రయినా ఎమర్జెన్సీకి పరుగెత్తాల్సినవి. సైకిల్ సీటు తగిలే చోటు మొద్దుబారడం, మూత్రం రాకపోవడం లేదా తెలియకుండా పోవడం, మలం ఆగకపోవడం, రెండు కాళ్ళూ బలహీనపడటం. వెన్ను అడుగున నరాల కట్ట మొత్తం నొక్కుకుపోయినప్పుడు ఇలా అవుతుంది, గంటలు లెక్క. సిగ్గుపడి తెల్లారేదాకా ఆగితే ఆ నష్టం ఇక పూడకపోవచ్చు. పక్కన మనిషుంటే "పద" అని లాక్కెళ్తాడు. ఒక్కడివే ఉంటే నీకు నువ్వే చెప్పుకోవాలి. నడుం నొప్పితో పాటు చలిజ్వరం, పాదం పైకి లేవకపోవడం, పడ్డాక కాలు మోపలేకపోవడం, ఇవీ అదే రోజు చూపించుకోవాల్సినవే. కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, ఇదివరకు కాన్సర్ వచ్చినా త్వరగా వెళ్ళాలి. ఏ డాక్టర్ దగ్గరికి ముందు వెళ్ళాలి, ఇన్సూరెన్స్ ఎంత ఇస్తుంది అన్నవి నీ పాలసీ కాగితాల్లోనే ఉంటాయి, చూసుకో.

ఇప్పుడు నీ జవాబు. నాది బల్ల మోసిన నొప్పి. నీది అది కాదు. నీ ఉత్తరంలో గది గురించీ, మాట్లాడేవాళ్ళు లేకపోవడం గురించీ పేజీ నిండా రాసి, అసలు సంగతి ఆఖరి వాక్యంలో దాచావు: నాలుగు నెలలుగా ఉంది, తెల్లవారుజామున నొప్పికి మెలకువ వస్తుంది, లేచాక గంటసేపు బిగుసుకుని ఉంటుంది, నడిస్తే తగ్గుతుంది, కూర్చుంటే పెరుగుతుంది. నేను డాక్టర్ని కాను, దానికి పేరు పెట్టను. కానీ నలభై ఐదేళ్ళలోపు మొదలై, మూడు నెలలు దాటి, విశ్రాంతితో కాక కదలికతో తగ్గే నొప్పిని వెన్ను కీళ్ళ వాపేమోనని పరీక్షించాలి. కుర్చీ మారిస్తే పోయేది కాదు. కీళ్ళవాతం చూసే డాక్టర్ దగ్గరికి పంపమని అడుగు. "నడుం నొప్పి" అని ఒక్క మాట అనేసి ఊరుకోకు, నాకు రాసిన ఆ ఆఖరి వాక్యం ఉన్నదున్నట్టు చదువు.

గది రెండో తాళంచెవి కింది అంతస్తు వాళ్ళకు ఇవ్వు. పరిచయం లేదంటావు, తాళంచెవి ఇవ్వడానికి వెళ్తే అదే అవుతుంది. అపాయింట్‌మెంట్ దొరగ్గానే ఏ రోజో రాయి. ఆఫీసుకు సెలవు పెట్టి వస్తాను, బయట కూర్చుంటాను.