బ్యాట్‌మన్ చదవాలంటే మిగతా టైటిల్స్ అన్నీ కొనాలా?

మీరు అడిగింది ఇదీ: సినిమాలు చూసి కామిక్స్ మీద మనసు పడింది. 2011లో మొదలైన బ్యాట్‌మన్ సిరీస్‌లో ‘కోర్ట్ ఆఫ్ ఔల్స్’ మొదటి సంపుటం పూర్తిచేశారు. ఇప్పుడు ఫ్రెండ్స్ అందరూ ‘నైట్‌వింగ్, బ్యాట్‌గర్ల్, ఇంకా నాలుగైదు టైటిల్స్ చదవకపోతే నీకు సగం కథే తెలుస్తుంది’ అంటుంటే టెన్షన్ పట్టుకుంది. విడిగా పూర్తయ్యే కథలు మేలా, టైటిల్స్ (విడివిడిగా వచ్చే కామిక్ సిరీస్‌లు) అన్నిటి మీదుగా సాగే కథలు మేలా?

నేను విడి కథల పక్షం. అలాగని క్రాసోవర్లంటే, అంటే పలు టైటిల్స్ మీదుగా సాగే కథలంటే, గిట్టనిదాన్ని కాదు, నాకు ప్రాణమైన పేజీలు కొన్ని వాటిలోనే ఉన్నాయి. నేను చూసేది ఒకటే. ఒక టైటిల్‌కి డబ్బు పెట్టిన పాఠకుడికి ఆ టైటిల్‌లో ఒక కథ దక్కాలి. అది దక్కాక పక్క టైటిల్స్‌తో ఎన్ని ముడులు వేసుకున్నా నాకు అభ్యంతరం లేదు.

ఉద్యోగానికి అనంతపురం నుంచి బెంగళూరు వచ్చిన కొత్తల్లో నేను కామిక్స్ కొన్నది దాదాపుగా చర్చ్ స్ట్రీట్‌లోనే, బ్లాసమ్‌లో, బుక్‌వర్మ్‌లో. సెకండ్ హ్యాండ్ అరల్లో ఇష్యూలు (విడి సంచికలు) వరసగా దొరకవు. ఏదో ఈవెంట్‌లో, అంటే చాలా టైటిల్స్‌ని కలిపే పెద్ద కథలో, మూడో భాగం ఉంటుంది, ఒకటీ రెండూ ఉండవు. అలా చదవడం వల్ల నాకొక అలవాటు వచ్చింది: చేతిలో ఉన్న ఈ ఒక్క ఇష్యూలో ఎవరికి ఏం కావాలో, ఎందుకు కావాలో తెలుస్తోందా అని చూస్తాను. పాత ఇష్యూల్లో చుక్క గుర్తు పెట్టి, బొమ్మ అడుగున చిన్న పెట్టెలో ‘ఫలానా నంబరు ఇష్యూలో చూడండి’ అని ఎడిటర్ మాట ఉండేది. చూడకపోయినా కథ సాగిపోయేది, చూస్తే ఇంకాస్త రుచి. ఆ పద్ధతంటే నాకు చాలా గౌరవం.

చందమామ చదువుతూ పెరిగినవాళ్ళకు ఈ రెండు రకాలూ తెలిసినవే. బేతాళ కథ ఆ నెలకు ఆ నెలే పూర్తయ్యేది, సీరియల్ అడుగున ‘ఇంకా ఉంది’ అని ఉండేది. కాకపోతే ఆ మిగతాది మళ్ళీ చందమామలోనే వచ్చేది. దాని కోసం బాలమిత్ర కూడా కొనమని ఎవరూ అనలేదు. అమెరికన్ కామిక్స్‌లో పేచీ అంతా అక్కడే.

అయితే అల్లిక కుదిరితే ఎంత గొప్పగా ఉంటుందో కూడా చెప్పాలి. 1990ల మొదట్లో సూపర్‌మన్‌కి నాలుగు నెలవారీ టైటిల్స్ ఉండేవి: సూపర్‌మన్, అడ్వెంచర్స్ ఆఫ్ సూపర్‌మన్, యాక్షన్ కామిక్స్, మ్యాన్ ఆఫ్ స్టీల్. వారానికొకటి చొప్పున వస్తూ నాలుగూ కలిసి ఒకే కథగా నడిచేవి. పాఠకుడు తికమకపడకుండా 1991 నుంచి కవర్ మీద చిన్న త్రికోణం వేసి, అందులో ఆ ఏడాదీ, వరస నంబరూ ఇచ్చారు. ఏ టైటిల్ అన్నది పట్టించుకోనక్కర్లేదు, త్రికోణంలో నంబరు చూసుకుంటూ పోతే చాలు. పాఠకుడి మీద ఇంత శ్రద్ధ నేను తర్వాతి ఈవెంట్లలో చాలా తక్కువగా చూశాను.

1992లో సూపర్‌మన్ చనిపోయే కథ కూడా ముఖ్యంగా ఈ నాలుగు టైటిల్స్‌లోనే వచ్చింది. దాని సంపుటం నేనూ మా తమ్ముడూ మంచం మీద బోర్లా పడుకుని చదివాం. సగం దాటాక వాడే పట్టుకున్నాడు: “అక్కా, బొమ్మలు పెద్దవవుతున్నాయి చూడు.” వెనక్కి తిప్పి చూశాం. డూమ్స్‌డే అనే రాక్షసుడితో పోరాటం ముదిరేకొద్దీ, అడ్వెంచర్స్ ఇష్యూలో పేజీకి నాలుగు బొమ్మలు. తర్వాత వచ్చే యాక్షన్ కామిక్స్‌లో మూడు. మ్యాన్ ఆఫ్ స్టీల్‌లో రెండు. ఆఖరుకి సూపర్‌మన్ 75వ ఇష్యూలో పేజీ మొత్తానికి ఒకే బొమ్మ. నలుగురు వేరు వేరు చిత్రకారులు గీసిన నాలుగు వేరు వేరు టైటిల్స్ ఇవి. ఎవరి గీత వారిదే, చావు మాత్రం అందరి పేజీల్లోనూ ఒకే కొలతతో దగ్గరపడుతూ వచ్చింది. వారానికొకటి కొనుక్కుని చదివిన పిల్లలకు ఆ లెక్క ఎలా అనిపించి ఉంటుందో ఊహిస్తేనే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. ఒంటరి టైటిల్ చేయగలిగిన పని కాదది.

మరి అన్ని ఈవెంట్లూ అలా ఎందుకు ఉండవు? చాలావాటికి పుట్టుకే వేరు. 1984లో మార్వెల్ పన్నెండు ఇష్యూల ‘సీక్రెట్ వార్స్’ తెచ్చినప్పుడు దాని వెనక మాటెల్ కంపెనీ బొమ్మల ఒప్పందం ఉంది. బ్యాట్‌మన్, సూపర్‌మన్ కామిక్స్ వేసే డీసీ 1985లో తెచ్చిన ‘క్రైసిస్ ఆన్ ఇన్ఫినిట్ ఎర్త్స్’ది ఇంకో అవసరం, కథల్లో పేరుకుపోయిన లెక్కలేనన్ని సమాంతర భూగోళాల్ని ఒక్కటి చేసి కొత్త పాఠకుడికి దారి చూపడం. ఆశయం మంచిదే, మార్వ్ వోల్ఫ్‌మన్ రచన, జార్జ్ పెరెజ్ బొమ్మలు ఇప్పటికీ నిలిచే ఉన్నాయి. కానీ దానికి అనుబంధమని చెప్పుకున్న కొన్ని టైటిల్స్‌లో ఆకాశం కాస్త ఎర్రబడటం తప్ప ఇంకేమీ జరగలేదు. అలాంటివాటికి పాఠకుల్లో ‘రెడ్ స్కై’ అన్న పేరే స్థిరపడింది. మీ ఫ్రెండ్స్ చెప్పే జాబితాలో ఇలాంటివి కచ్చితంగా ఉంటాయి.

పుట్టుక వ్యాపారమే అయినా ఫలితం బాగుండొచ్చు. సీక్రెట్ వార్స్‌కి వెళ్ళిన హీరోలు తమ తమ టైటిల్స్‌లో ఒక నెల మాయమై, మరుసటి నెలకే తిరిగొచ్చేశారు. అమేజింగ్ స్పైడర్‌మన్ 252వ ఇష్యూలో పీటర్ నల్ల డ్రెస్‌తో దిగాడు. అది ఎక్కడిదో సీక్రెట్ వార్స్ ఎనిమిదో ఇష్యూ దాకా, అంటే ఇంకా కొన్ని నెలల దాకా పాఠకులకు తెలియదు. ఈలోగా స్పైడర్‌మన్ టైటిల్ చేతులు కట్టుకుని కూర్చోలేదు. ఆ డ్రెస్‌కి ప్రాణం ఉందని అక్కడే బయటపెట్టింది, పీటర్ దాన్ని వదిలించుకోవడం కోసం తంటాలు పడటం చూపింది, 1988లో వెనమ్ అనే విలన్ పుట్టింది కూడా ఆ వేరు నుంచే. ఈవెంట్ ముగిశాక సొంత టైటిల్‌కి ఏం మిగిలింది అన్నది నా దృష్టిలో అసలు పరీక్ష. నల్ల డ్రెస్ అందులో నూటికి నూరు మార్కులు తెచ్చుకుంది.

అదే స్పైడర్‌మన్‌కి 2006 ‘సివిల్ వార్’లో జరిగింది చూడండి. రెండో ఇష్యూలో అందరి ముందూ మాస్క్ తీసి నేను పీటర్ పార్కర్‌నని చెప్పేశాడు. ఆయన నలభై ఏళ్ళుగా దాచుకున్న రహస్యం పోయింది వేరే సిరీస్‌లో, వేరే కథ అవసరం కోసం. ఆ దెబ్బ మోయాల్సింది మాత్రం ఆయన టైటిల్. మే ఆంటీకి తూటా తగిలింది, కుటుంబం అజ్ఞాతంలోకి పోయింది, చివరికి 2007లో మెఫిస్టో అనే దయ్యంతో బేరం పెట్టి ఆ రహస్యం సంగతి లోకమంతా మరిచిపోయేలా చేశారు. ఆ బేరంలో పీటర్, మేరీ జేన్‌ల పెళ్ళి కూడా చెరిగిపోయింది. వాళ్ళ సంసారాన్ని ఏళ్ళ తరబడి చదివినవాళ్ళకు అది అన్యాయమని ఇప్పటికీ అంటాను. పైగా సివిల్ వార్ ముఖ్య సిరీస్ ఆలస్యమైతే, దానికి ముడిపడిన మిగతా టైటిల్స్ కూడా కొన్ని ఆగాల్సొచ్చింది. ఒకరి పెళ్ళి కోసం ఊళ్ళో ముహూర్తాలన్నీ వాయిదా వేసినట్టు.

ఇక విడి కథల సంగతి. ఎవరికైనా మొదటగా నేను చేతిలో పెట్టేది మాట్ ఫ్రాక్షన్ రచనతో, డేవిడ్ ఆహా బొమ్మలతో 2012లో మొదలైన ‘హాకై’. అవెంజర్స్ జట్టుతో లేనప్పుడు హాకై, అంటే క్లింట్ బార్టన్, ఏం చేస్తాడు అన్నదే దాని కథ. బ్రూక్లిన్‌లో ఒక పాత అపార్ట్‌మెంట్, అద్దె కట్టలేని ఇరుగుపొరుగు, వాళ్ళను ఖాళీ చేయించాలని చూసే ట్రాక్‌సూట్ రౌడీలు, ఇతనికి సర్దిచెప్పలేక విసిగిపోయే తోటి విలుకత్తె కేట్ బిషప్. లోకాన్ని కాపాడే గొడవే లేదు.

పదకొండో ఇష్యూ మొత్తం క్లింట్ కుక్క వైపు నుంచి నడుస్తుంది. దానికి మనుషుల మాటలు ఒకటీ అరా తప్ప తెలియవు. అందుకని మాటల బుడగల్లో గీతలే ఉంటాయి, అక్కడక్కడ దానికి తెలిసిన పదం ఒక్కటి కనిపిస్తుంది. మనుషుల చుట్టూ చిన్న చిన్న గుర్తులు: కాఫీ, పిజ్జా, రక్తం. ఎవరెవరి ఒంటి మీద ఏ వాసనలున్నాయో గీతలతో కలిపి చూపిస్తారు. హంతకుణ్ణి కుక్క ఎలా పసిగడుతోందో పాఠకుడు కళ్ళతో వాసన చూస్తూ తెలుసుకోవాలి. 2014లో ఆ ఒక్క ఇష్యూకి కామిక్స్ రంగంలో పెద్ద గౌరవమైన ఐస్నర్ అవార్డు వచ్చింది. అది చదవడానికి అంతకుముందు పది ఇష్యూలు కూడా తప్పనిసరి కాదు, ఇక ఇతర టైటిల్స్ సంగతి చెప్పేదేముంది. ఆ సమయంలో మార్వెల్‌లో పెద్ద పెద్ద ఈవెంట్లు నడుస్తూనే ఉన్నాయి. ఈ టైటిల్‌ని వాటి జోలికి పోకుండా కాపాడిన ఎడిటర్‌కి చేతులెత్తి దండం పెట్టాలి.

విడి కథగా పుట్టి తర్వాత పెద్ద కథలోకి వెళ్ళినవాడు మన దగ్గరే ఒకడున్నాడు. 2004లో గోథమ్ అనే ప్రచురణ సంస్థ వాళ్ళు నాలుగే నాలుగు ఇష్యూలుగా ‘స్పైడర్‌మన్: ఇండియా’ తెచ్చారు. బొమ్మలు జీవన్ కాంగ్‌వి. ముంబైలో పవిత్ర్ ప్రభాకర్, భీమ్ మామయ్య, మాయ అత్తయ్య, యోగి ఇచ్చిన శక్తి. అమెరికా కథతో లంకె అక్కర్లేకుండానే చదవొచ్చు. పదేళ్ళ తర్వాత ‘స్పైడర్-వర్స్’ వచ్చి లోకాలన్నిటి స్పైడర్‌మన్‌లనూ ఒక చోటికి చేర్చినప్పుడు పవిత్ర్ కూడా వెళ్ళాడు. ఆ రోజు మా తమ్ముడి ముఖం చూడాలి. వాడు ముందే ఆ నాలుగు ఇష్యూలూ చదివి ఉన్నాడు కాబట్టే అంత ఆనందం. తన ఇల్లు తనకుంది గనకే అతిథిగా వెళ్ళినప్పుడు పవిత్ర్‌కి విలువ దక్కింది.

రెండూ కుదిరిన పాత ఉదాహరణ 1986 నాటి ‘మ్యూటెంట్ మాసకర్’. ఎక్స్-మెన్, ఎక్స్-ఫ్యాక్టర్ జట్లు రెండూ ఒకే సొరంగాల్లో, ఒకే మారణకాండలో ఉంటాయి గానీ ఒకరికొకరు ఎదురుపడరు. ఎక్స్-ఫ్యాక్టర్‌లోని ఏంజెల్‌ని గోడకు మేకులు కొట్టి వేలాడదీస్తే, కాపాడేది థోర్. థోర్ రాసేది వాల్టర్ సైమన్సన్, ఎక్స్-ఫ్యాక్టర్ రాసేది ఆయన భార్య లూయీజ్. భార్యాభర్తలు ఇంట్లో మాట్లాడుకుని రాసినంత చక్కగా అతికింది. ఏంజెల్ ఆ గాయంతో రెక్కలు పోగొట్టుకుని తర్వాత ఆర్కేంజెల్‌గా మారే కథంతా అతని సొంత టైటిల్‌లోనే నడిచింది. గ్రాంట్ మారిసన్ 2005లో మొదలుపెట్టిన ‘సెవెన్ సోల్జర్స్’ కూడా ఈ కోవలోదే. ఏడుగురికి తలా నాలుగు ఇష్యూలు, ముందూ వెనకా ఒక్కొక్కటి, మొత్తం ముప్ఫై. ఏ నాలుగు తీసుకున్నా ఒక కథ. కానీ ఇది కొత్తలో వద్దు, ఒక ఏడాది ఆగి చదవండి.

ఇప్పుడు మీ బ్యాట్‌మన్ సంగతికి వద్దాం. రెండో సంపుటం ‘సిటీ ఆఫ్ ఔల్స్’ కొనుక్కుని నేరుగా చదివేయండి, కథ ఎక్కడా తెగదు. ఎనిమిదో ఇష్యూలో గుడ్లగూబల సేన వేన్ ఇంటి మీద పడ్డాక ఆల్‌ఫ్రెడ్ అందరికీ సాయం కోసం కబురు పంపుతాడు. మీ ఫ్రెండ్స్ చెప్పే టైటిల్స్ అన్నీ ఆ ఒక్క రాత్రి ఎవరెవరు ఎక్కడ పోరాడారో చెప్పేవి. వాటిని గుదిగుచ్చి ‘నైట్ ఆఫ్ ది ఔల్స్’ అని విడిగా సంపుటం కూడా ఉంది. మొత్తం అక్కర్లేదు, నైట్‌వింగ్ ఎనిమిది, తొమ్మిది ఇష్యూలు మాత్రం తప్పక చదవండి. మొదటి సంపుటం అయిపోయిందన్నారు గనక చెప్పేస్తున్నా: గుడ్లగూబల సేనలోని హంతకుడు ఆ విలియం కాబ్, డిక్ గ్రేసన్‌కి, అంటే నైట్‌వింగ్‌కి, ముత్తాత. ముత్తాత కథ మునిమనవడి టైటిల్‌లో చెప్పడానికి కారణం ఉంది. చర్చ్ స్ట్రీట్‌లో దొరక్కపోతే, సంపుటం ఆర్డర్ చేసేముందు ఏ ఇష్యూలు కలిపారో వెనక అట్ట మీదో, వివరాల్లోనో చూసుకోండి. ఒకే టైటిల్ ఇష్యూలు మాత్రమే కలిపి, క్రాసోవర్ మధ్య భాగం వదిలేసిన సంపుటాలు చాలా ఉంటాయి. మార్వెల్ వైపు వెళ్తే వాళ్ళ అన్‌లిమిటెడ్ యాప్ తీసుకుని, హాకై మొదటి ఇష్యూ నుంచి మొదలుపెట్టండి.