ఇంజిను తర్వాత చూడు, ముందు ఒళ్ళు చూడు

శ్రీకాకుళం

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

బొబ్బిలి దగ్గర ఎవరి షెడ్డులోనో పాత ప్రీమియర్ పద్మిని కారు చూశావట, బేరం కూడా మొదలెట్టావట. మీ అమ్మ ఫోన్ చేసి, "అన్నయ్యా, వాడు నీ మాటయితే వింటాడు, నువ్వే మాన్పించు" అని భారం నా మీద పడేసింది. నేను మాన్పించను. 1984 నుంచి 2018 దాకా అదే బండి నడిపినవాణ్ణి, ఏ మొహం పెట్టుకుని నిన్ను వద్దంటాను? కాకపోతే అడ్వాన్సు చేతిలో పెట్టేముందు ఈ ఉత్తరం పూర్తిగా చదువు. ఫోన్లో చెప్తే ఊఁ కొడతావు, అక్కడితో సరి.

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. ఇంజిను ఫోటోలు, స్టీరింగు పక్కన గేరు లివరు ఫోటోలు, ముందు గ్రిల్లు. ముచ్చటగానే ఉంది. కానీ కింద దూరి తీసిన ఫోటో ఒక్కటీ లేదు. మ్యాట్ ఎత్తి తీసినదీ లేదు. అమ్మేవాడు చూపించినవి నువ్వు తీసుకొచ్చావు, నువ్వు చూడాల్సినవి అక్కడే ఉండిపోయాయి.

పద్మినిలో ఇంజిను చాలా చిన్న విషయం. 1089 సీసీ, నాలుగు సిలిండర్లు, కార్బురేటరు, స్పార్కు సమయానికి అందించే పాయింట్లు, అంతే. అరిగితే రీబోరు చేయించొచ్చు, కొత్త పిస్టన్లు వేయించొచ్చు, క్రాంకు లేత్ మీద గ్రైండింగ్ పట్టించొచ్చు. డబ్బు ఖర్చవుతుంది, ఓపిక ఖర్చవుతుంది, కానీ అవుతుంది. ఒళ్ళు అలా కాదు. లారీకీ, జీపుకీ కింద వేరే చాసిస్ ఉంటుంది, దాని మీద బాడీ కూర్చుంటుంది. పద్మినికి అది లేదు. కాళ్ళ కింద రేకు, తలుపుల కింది గడప, స్తంభాలు, పైకప్పు అన్నీ కలిసి బరువు మోస్తాయి. గడప లోపల తుప్పు తింటే, పైన ఎంత మెరుగు పెట్టించినా ఆ బండి నడుం విరిగినట్టే.

అందుకని ఒక అయస్కాంతం పట్టుకెళ్ళు. పెయింటు గీసుకోకుండా పల్చటి గుడ్డలో చుట్టి, తలుపుల కింది భాగం మీద, ముందు మడ్‌గార్డుల మీద, చక్రాల చుట్టూ మెల్లగా జరుపు. రేకు ఉన్నచోట పట్టుకుంటుంది, పుట్టీ ఉన్నచోట జారిపోతుంది. తర్వాత మ్యాట్లు ఎత్తు. డిక్కీలో స్టెప్నీ తీసి దాని కింద చెయ్యి పెట్టి చూడు, నీళ్ళు చేరి తినేసేది అక్కడే. ఆ తర్వాత గడప కింద జాకీ పెట్టి ఒక పక్క లేపు. లేపినప్పుడు ఆ పక్క తలుపులు మామూలుగా తెరుచుకుని మూసుకుంటే బాడీలో పట్టు ఉన్నట్టు. తలుపు పైన పట్టేసినా, గొళ్ళెం అందకపోయినా, అమ్మేవాడు ఇచ్చిన టీ తాగేసి దణ్ణం పెట్టి వచ్చెయ్యి.

బండి ఏ ఏడు పుట్టిందని అందరూ అడుగుతారు. ఏ ఊళ్ళో బతికిందని నువ్వు అడుగు. కళింగపట్నం, బారువ, భావనపాడు వైపు ఉప్పుగాలిలో ఆరుబయట నిలబడ్డ బండికీ, బొబ్బిలి, సాలూరు, పాలకొండ వైపు షెడ్డులో ఉన్న బండికీ చాలా తేడా ఉంటుంది. నీది లోపలి ఊళ్ళ బండి అయితే మంచిదే. అయితే మొదటినుంచీ అక్కడే ఉందా, విశాఖ బీచి పక్కన ఇరవై ఏళ్ళు గడిపి వచ్చిందా? పాత ఆర్సీలో చిరునామాలు చూస్తే తెలిసిపోతుంది.

ఇంజిను గురించి రెండు మాటలు. నువ్వు వెళ్ళేసరికి బానెట్ మీద చెయ్యి వెయ్యి. వెచ్చగా ఉంటే నీకోసం ముందే స్టార్ట్ చేసి సిద్ధం చేశారన్నమాట. చల్లటి ఇంజినే నిజం చెప్తుంది. నీలం పొగ ఆగకుండా వస్తే ఆయిలు తింటోంది, వేడెక్కాక కూడా తెల్ల పొగ పోకపోతే నీళ్ళు లోపలికి వెళ్తున్నాయి. హెడ్డు అల్యూమినియంది, ఎప్పుడో బాగా వేడెక్కి ఉంటే వంగి ఉంటుంది. ఇవేవీ బేరం మానుకోవలసినవి కావు, ధర తగ్గించవలసినవి. మీటరులో కిలోమీటర్లు చూసి మురిసిపోకు. అయిదంకెల మీటరు అది, లక్ష దాటితే మళ్ళీ సున్నాకే వస్తుంది.

ఇక మేస్త్రి. బండికన్నా ముందు మేస్త్రిని వెతుక్కోవాలి. ఈ బండి బొంబాయి కుర్లాలో ఫియట్ 1100 డిలైట్ పేరుతో 1964లో మొదలైంది, 1974లో పద్మిని అయింది, 2000 ప్రాంతంలో ఆగిపోయింది. బొంబాయి రోడ్ల మీద చివరి పద్మిని టాక్సీ కూడా 2023 అక్టోబరులో దిగిపోయింది. టాక్సీలు ఉన్నన్నాళ్ళూ సామాను దొరికేది. ఇప్పుడు పాత స్టాకు, లేదంటే ఇంకో బండి నుంచి విప్పినది. కంప్యూటర్ తగిలించి లోపం చెప్పే కుర్రాళ్ళు ఈ బండి దగ్గర చేతులెత్తేస్తారు. పాయింట్ల గ్యాపు చూసి సరిచేసే మనిషి కావాలి.

మన వైపు అలాంటివాళ్ళు సాలూరులో దొరుకుతారు. లారీల ఊరు కదా, లేత్ పని, కమాన్ పట్టీల పని, టింకరింగ్, వెల్డింగ్, ఏది కావాలన్నా అక్కడ చేతిపని ఉంది. లేని పార్టు నమూనా చూసి తయారుచేసే ధైర్యం కూడా ఉంది. విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర్లో నాకో మేస్త్రి ఉండేవాడు. బండి తీసుకెళ్తే పది నిమిషాలు బానెట్ ఎత్తేవాడే కాదు. బీడీ ముట్టించుకుని పక్కన నిలబడి, "ఆగండి బాబూ, ఏటంటాదో ఇననీండి" అనేవాడు. విన్నాక ఒక్క స్క్రూ తిప్పేవాడు. ఆయన ఇప్పుడు లేడు. ఆయన దగ్గర పని నేర్చుకున్న కుర్రాడు ఉన్నాడు, కుర్రాడంటే యాభై దాటిన కుర్రాడు. వాణ్ణి వెంట తీసుకెళ్దాం.

కాగితాల సంగతి. నువ్వు చెప్పేది 1988 మోడల్. సొంత కారుకి రిజిస్ట్రేషన్ మొదట పదిహేనేళ్ళు, తర్వాత ఐదేళ్ళకోసారి రెన్యువల్. అంటే 2003లో మొదలై 2023 దాకా వరసగా రెన్యువల్ అయి ఉండాలి. మధ్యలో తెగితే జరిమానాలు ఎవరు కట్టాలో ముందే తేల్చుకో. ఇరవై ఏళ్ళు దాటిన కారుకి రెన్యువల్ ఫీజు 2025 ఆగస్టులో పది వేలు చేశారు, గ్రీన్ టాక్స్ వేరే. పాత పుస్తకం ఆర్సీ అయితే వివరాలు ఆన్‌లైన్‌లోకి ఎక్కాయో లేదో చూడు. వింటేజి కారు అని చెప్పి ధర పెంచితే నవ్వి ఊరుకో. ఆ రిజిస్ట్రేషన్‌కి యాభై ఏళ్ళు నిండాలి, నీ బండికి 2038 రావాలి.

ఇంకొకటి చాలామంది చూసుకోరు. షెడ్డులో ఉన్న బండ్లు చాలావరకు పోయిన తండ్రి పేరు మీదే ఉంటాయి. కొడుకు బేరమాడతాడు, సంతకం పెట్టే హక్కు వాడికి ఉండదు. ముందు ఫారం 31 మీద వారసుడి పేరుకి మారాలి, అక్కచెల్లెళ్ళ ఒప్పుదల ఉండాలి, అప్పుడు 29, 30 ఫారాల మీద నీ పేరుకి రావాలి. "తర్వాత చూసుకుందాం బాబూ" అంటే తర్వాతే కొందాం అను.

కొన్నాక చెయ్యాల్సింది ఒకటే, నడపడం. పాత కారు తిరిగితే అరుగుతుంది, నిలబెడితే చచ్చిపోతుంది. వారానికోసారి అయినా ఇంజిను బాగా వేడెక్కేలా దూరం తీసుకెళ్ళు. ఇంట్లో స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు ఉంచి ఆపెయ్యడం కంటే అసలు చెయ్యకపోవడం నయం, సైలెన్సరులో తడి చేరుతుంది. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు పోస్తున్నారు. ఆ రోజుల రబ్బరు దానికి ఆగదు. పెట్రోలు పైపులు, పంపు డయాఫ్రమ్ కొనగానే మార్పించు. నెలల తరబడి నిలపాల్సి వస్తే ట్యాంకు ఖాళీ చెయ్యి. టైరు గాడి లోతు చూసి మోసపోకు, పక్కనున్న నాలుగంకెలు చూడు. 2316 అని ఉంటే 2016లో ఇరవై మూడో వారం చేసిన టైరు, అది రాయి అయిపోయి ఉంటుంది. నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులే, గుంటలో నీళ్ళు దాటాక ఒకటి రెండుసార్లు తొక్కి ఆరబెట్టుకో. నీ ఇప్పటి కారు ఆగినట్టు ఇది ఆగదు, ముందున్న ఆటోకి దూరంగా ఉండు.

ఎండాకాలం ఒక చిక్కు వస్తుంది, తెలియకపోతే భయపడతావు. ఒక మే నెలలో రాజాం పెళ్ళికి వెళ్తూ చీపురుపల్లి దాటాక బండి రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. సెల్ఫు తిరుగుతోంది, అందుకోవడం లేదు. పంపు ఇంజినుకి అంటుకుని ఉంటుంది కదా, ఆ వేడికి పెట్రోలు లోపలే ఆవిరైపోతుంది. మీ అత్త కేరేజీకి చుట్టిన తువ్వాలు విప్పి, మంచినీళ్ళతో తడిపి, పంపు మీద కప్పాను. చింతచెట్టు కింద కూచుని పులిహోర తిన్నాం. చెయ్యి కడుక్కుని తాళం తిప్పితే లేచింది. ఆ తువ్వాలుకి ఆయిలు మరక పోలేదు, పెళ్ళి దాకా మీ అత్త నాతో మాట్లాడలేదు. నీ బండిలో ఒక సీసా నీళ్ళు, ఒక పాతగుడ్డ ఎప్పుడూ ఉండాలి.

ముందు సీటు పొడుగు బల్లలా ఉంటుంది, మన పిల్లలకి అది చాలు. అరసవల్లి రథసప్తమికి ఆ సీటు మీద ఎంతమందిని ఎక్కించామో ఇప్పుడు చెప్తే కేసు పెడతారు.

ఇక నా బండి పోయిన సంగతి. నువ్వు అడగలేదు, మొహమాటపడ్డావు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. అప్పుడు మేం కవిటిలో ఉన్నాం. పెరట్లో షెడ్డు మీద కొబ్బరిచెట్టు పడింది, దాని మీద ఇంకోటి. వెలుతురు వచ్చాక చూస్తే పైకప్పు సీట్ల దాకా దిగిపోయి ఉంది. గాలి తగ్గి, మొద్దులు కోయించి, బ్యాటరీ తగిలిస్తే ఇంజిను రెండో సెల్ఫుకే అందుకుంది. టింకరింగ్ వాళ్ళని పిలిపించాను. స్తంభాలు రెండూ వంగాయి, గడప మడత పడింది. "ఒగ్గీండి బాబూ, నిలబెట్టినా నిలబడదు" అన్నారు. ఇంజిను గురించి పైన అంత చిన్నచూపు చూసింది ఇందుకే.

ఏడ్చావా అని అప్పుడు మీ అమ్మ అడిగింది. ఉద్దానంలో తోటలకి తోటలు నేలకూలి, కొబ్బరీ జీడీ పోయి, మనుషులు రోడ్డు మీద నిలబడిన రోజులవి. వాళ్ళ ముందు కారు పోయిందని ఏడవడానికి మనసొప్పలేదు.

థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు ఎదుటివాడి నష్టానికే, నీ బండి మీద చెట్టు పడితే పైసా రాదు. పాత బండికి సొంత నష్టం పాలసీ అడిగితే ఏజెంట్లు మొహం తిప్పుకుంటారు, నాకూ తిప్పుకున్నారు. పట్టుబట్టు. ఐదేళ్ళు దాటిన బండ్లకీ, తయారీ ఆగిపోయిన మోడళ్ళకీ విలువ కంపెనీ, యజమాని కూర్చుని ఒప్పుకున్నదే. బాగుచేయించిన బిల్లులు, ఫోటోలు, వాల్యుయేషన్ రిపోర్టు దగ్గర పెట్టుకుని మాట్లాడు.

తర్వాత కొంతమంది వచ్చారు. బండి వద్దట, ఆర్సీ, చాసిస్ నంబరు పలక ఇస్తే చాలట, మంచి రేటు ఇస్తారట. అలాంటివాళ్ళని గుమ్మం ఎక్కనివ్వకు. నీ నంబరు దొంగబండికి తగిలిస్తే పోలీసులు నీ ఇంటికే వస్తారు. పనికిరాకుండా పోయిన బండి సంగతి పద్నాలుగు రోజుల్లో రవాణా ఆఫీసుకి తెలియజేసి ఆర్సీ అప్పగించాలని మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ చెప్తుంది. తుఫాను గందరగోళంలో కొంత ఆలస్యమైనా రద్దు చేయించి కాగితం తీసుకున్నాను. ఇంజిను, గేరుబాక్సు విజయనగరంలో ఒక పద్మిని ఆసామికి ఇచ్చాను, బాగున్న రెండు తలుపులూ వెనక అద్దమూ కూడా ఆయనే పట్టుకెళ్ళాడు. మిగతాది తూకానికి వెళ్ళింది.

నీకు తుఫాను రావక్కర్లేదు. రేపు అమెరికా ఆఫర్ వస్తే చాలు. వెళ్ళేరోజు దాని మీద టార్పాలిన్ కప్పి "వచ్చాక చూసుకుంటా" అనకు. టార్పాలిన్ కింద ఎలుకలు వైర్లు తింటాయి, చెమ్మ రేకు తింటుంది. నడుస్తున్నప్పుడే, నడిపేవాడికి, తక్కువకైనా సరే ఇచ్చెయ్యి. నీ పేరు మీంచి మారిందని ఆన్‌లైన్‌లో చూశాకే విమానం ఎక్కు.

ఆదివారం పొద్దున్న మొదటి బస్సుకి విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్సులో దిగుతాను. మేస్త్రి అక్కడికే వస్తానన్నాడు. నువ్వు జాకీ, పాతబట్టలు తెచ్చుకో, బండి కింద దూరేది నువ్వే, నా మోకాళ్ళు సహకరించవు. షెడ్డాయనకి ఫోన్ చేసి, మేం వచ్చేదాకా బండి స్టార్ట్ చెయ్యొద్దని గట్టిగా చెప్పు. మీ అమ్మకి మాత్రం నేను కొనమన్నానని చెప్పకు, చూడ్డానికి వెళ్తున్నామని చెప్పు.

ఇట్లు
మీ మావయ్య