స్కాఫోల్డింగ్ పనిలోకి కొత్తగా వెళ్లేవాళ్లకి

తమ్ముడూ, పని రాకపోయినా సౌదీకి స్కాఫోల్డర్ (ఎత్తులో పనికి పైపులతో పరంజా కట్టేవాడు) వీసా ఇప్పిస్తా, లక్షన్నర కట్టు అంటున్నాడని రాశావు కదా ఆ ఏజెంటు, అస్సలు కట్టకు. రిజిస్టర్ అయిన ఏజెంటు మహా అయితే తీసుకోవాల్సింది 30,000, పైన జీఎస్టీ, అంతే. కేంద్ర ప్రభుత్వం ఈమైగ్రేట్ సైట్‌లో వాడి లైసెన్సు ఉందో లేదో చూస్కో.

ముందు వైజాగ్ వైపు రిఫైనరీ, స్టీల్ ప్లాంట్ షట్‌డౌన్ పనులు (ప్లాంటు ఆపి చేసే రిపేర్లు) చేసే కాంట్రాక్టర్ ఎవరైనా దొరికితే హెల్పర్‌గా చేరు. మొదట్లో పైపులు మోయడం, కప్లర్లు (పైపుల్ని కలిపి బిగించే క్లాంపులు) అందించడమే ఉంటుంది, విసుక్కోకు, పక్కనుండి చూస్తూ ఉంటే బేస్ ప్లేటు (నిలువు పైపు అడుగున పెట్టే ఇనుప పలక) కింద నేల గట్టిగా ఉందా, నిలువు పైపు నిటారుగా ఉందా, లెడ్జర్ (అడ్డ పైపు) లెవెల్లో ఉందా, బ్రేసింగ్ (ఊగకుండా ఏటవాలుగా కట్టే పైపు) ఎక్కడ వెయ్యాలి అన్నీ చేతికొచ్చేస్తాయి, ట్రేడ్ టెస్టులో (పని వచ్చో రాదో చూసే పరీక్ష) చూసేది కూడా ఇవే. సేఫ్టీ బెల్టు మాత్రం రెండు హుక్కులదే అడుగు, ఒకటి తగిలించాకే రెండోది తియ్యి, మేస్త్రీ తొందరపెట్టినా సరే.