క్యాన్ నీళ్లు, పాలసీసా, పాత ఉయ్యాల: కడుపుతో ఉన్నవాళ్ల, బాలింతల ప్రశ్నలకు జవాబులు

ఒంట్లో హార్మోన్ల పనికి అడ్డుపడే రసాయనాల గురించి ఈసారి ఉత్తరాలు బాగా వచ్చాయి. ప్లాస్టిక్ డబ్బాలు, సెంటు వాసనలు, పురుగుమందులు అన్నిటి గురించీ అడిగారు. ఎక్కువ ఉత్తరాలు అనంతపురం, కర్నూలు, కడప వైపు నుంచే. ఒకే సంగతి అడిగినవాటిని కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న: నాకిప్పుడు ఆరో నెల. మా ఇంట్లో తాగేది ఇరవై లీటర్ల క్యాన్ నీళ్లే. ఆటోలో తెచ్చి వాకిట్లో దించి పోతారు. ఒక్కోసారి మధ్యాహ్నం దాకా ఎండలోనే ఉంటుంది. ఎండకు ప్లాస్టిక్ నీళ్లలోకి దిగి బిడ్డకు చెరుపు చేస్తుందని పక్కింటి అక్క భయపెడుతోంది. క్యాన్ మానేసి బోరు నీళ్లు తాగేదా? (గుంతకల్లు పాఠకురాలు)

జవాబు: బోరు నీళ్లకు మాత్రం మళ్లకండమ్మా. అనంతపురం జిల్లాలో చాలా ఊళ్ల బోర్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు తాగడానికి పనికిరావు. కాచినా ఫ్లోరైడ్ పోదు సరికదా, నీళ్లు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. క్యాన్లు నింపే ఆర్‌వో ప్లాంటు దాన్ని తీసేస్తుంది. కాబట్టి క్యాన్ నీళ్లే తాగండి, పాత్ర మార్చండి.

ముందు ఖాళీ క్యాన్ బోర్లించి అడుగు చూడండి. బాణాల త్రికోణంలో ఒక అంకె ఉంటుంది. 1 ఉంటే అది పెట్ ప్లాస్టిక్. గట్టిగా నొక్కితే సొట్టపడుతుంది. 7 ఉండి పక్కన పీసీ అని ఉంటే పాలీకార్బొనేట్. అది లేత నీలంగా, గాజులా బిరుసుగా ఉంటుంది. మీ పక్కింటావిడ చెప్పింది ఈ రెండో రకానికి వర్తిస్తుంది, ఎందుకంటే దాన్ని తయారుచేసేదే బిస్ఫినాల్-ఏ (బీపీఏ) అనే రసాయనంతో. వేడి తగిలినా, సోడా కలిపిన నీళ్లతో కడిగినా ప్లాస్టిక్ కొద్దికొద్దిగా విడిపోయి ఆ బిస్ఫినాల్ నీళ్లలోకి వస్తుంది. ఎన్నోసార్లు కడిగి, లోపల గీతలు పడి, ఆవిరి పట్టిన అద్దంలా మసకబారిన క్యాన్ కొత్తదానికంటే ఎక్కువ వదులుతుంది.

అందుకని, తెల్లారి చల్లబాటున క్యాన్ తెమ్మని చెప్పండి. దించగానే నీడకు చేర్చి, ఆ గంటలోనే నీళ్లన్నీ మూతున్న స్టీలు డ్రమ్ములోకో మట్టి కుండలోకో వంచేసుకోండి. ఖాళీ క్యాన్ తిరిగి ఇచ్చేయండి. మసకబారిన క్యాన్ తెస్తే తీసుకోవద్దు, వేరేది అడగండి. ఈ ఒక్క మార్పుతో నీళ్లు ప్లాస్టిక్‌లో ఉండే సమయం రోజుల నుంచి గంటలకు పడిపోతుంది.

ఇంత చిన్న మోతాదుకు అంత జాగ్రత్త ఎందుకంటే, హార్మోన్లు పనిచేసేదే అతి చిన్న మోతాదుల్లో. బిస్ఫినాల్ ఆడవాళ్ల హార్మోను ఈస్ట్రోజన్‌లా నటిస్తుంది. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2015లో కిలో బరువుకు రోజుకు 4 మైక్రోగ్రాముల దాకా పర్వాలేదంది. 2023లో దాన్ని 0.2 నానోగ్రాములకు దించింది (మైక్రోగ్రాములో వెయ్యో వంతు నానోగ్రాము). అంటే 20 వేల రెట్లు తగ్గించింది. అలాగని ఈ ఆరు నెలలూ తాగినదాని గురించి కుమిలిపోకండి. బిస్ఫినాల్ ఒంట్లో నిలవ ఉండే రకం కాదు. ఒకటి రెండు రోజుల్లో మూత్రంలో పోతుంది. ఇవాళ మానితే ఎల్లుండికే ఒంట్లో తగ్గుతుంది.

ప్రశ్న: బిడ్డకు మూడో నెల. పాలు చాలడం లేదని డబ్బా పాలు పట్టమంటోంది మా అత్త. ప్లాస్టిక్ సీసాను నీళ్లలో వేసి పావుగంట ఉడికించి, అందులోనే వేడి నీళ్లు, పొడి పోసి ఊపి ఇస్తున్నాం. ఇది సరేనా? సీసా మీద బీపీఏ లేదు అని రాసుంది. (ఆదోని పాఠకురాలు)

జవాబు: ముందు పాలు నిజంగా చాలడం లేదా అన్నది తేల్చుకోండి. రోజుకు ఆరుసార్లు, అంతకంటే ఎక్కువ ఉచ్చ పోస్తూ, ఉచ్చ లేత రంగులో ఉండి, అంగన్‌వాడీలో తూచినప్పుడు బరువు పెరుగుతుంటే మీ పాలు చాలుతున్నట్టే. బిడ్డ ఊరికే ఏడ్చిందని డబ్బా మొదలుపెడితే రొమ్ము దగ్గర చప్పరించడం తగ్గి, పాలు నిజంగానే తగ్గిపోతాయి.

డాక్టరే పట్టమంటే మాత్రం సీసా అక్కర్లేదు. మీ అత్తగారికి తెలిసే ఉంటుంది ఉగ్గుగిన్నె. స్టీలుదో వెండిదో, ముక్కున్న గిన్నె. బిడ్డను కాస్త నిటారుగా ఒళ్లో పెట్టుకుని, గిన్నె ముక్కును కింది పెదవికి ఆనించి, బిడ్డ నాలుకతో అందుకునే వేగంలోనే వంచాలి. పోసేయకూడదు. శుభ్రం చేయడం తేలిక, ప్లాస్టిక్ గొడవ లేదు, నిపుల్‌లో పాచి పట్టడమూ లేదు.

సీసానే వాడాల్సి వస్తే గాజుదో స్టీలుదో తీసుకోండి. మీ దగ్గరున్న ప్లాస్టిక్ సీసా అడుగున 5 అంకె ఉండాలి, అది పాలీప్రొపిలీన్. పాలసీసాల్లో బిస్ఫినాల్-ఏ వాడకూడదని మన దేశ ప్రమాణాల సంస్థ బీఐఎస్ 2015లోనే చెప్పింది. కాబట్టి బీపీఏ లేదు అన్న మాటకు మురిసిపోనక్కర్లేదు. దాని బదులు కొన్ని ప్లాస్టిక్‌లలో బిస్ఫినాల్-ఎస్ వాడుతున్నారు, దాని స్వభావమూ దగ్గరదగ్గర అదే. పాలీప్రొపిలీన్‌లో బిస్ఫినాల్ ఉండదు కానీ దానికి వేరే ఇబ్బంది ఉంది. బాగా వేడి నీళ్లు పోసి ఊపితే కంటికి కనపడని ప్లాస్టిక్ రేణువులు లక్షల్లో రాలతాయి. మీరు చేస్తున్నది సరిగ్గా అదే పని.

పద్ధతి ఇలా మార్చండి. సీసాను స్టీలు గిన్నెలో ఉడికించి శుభ్రం చేశాక, కాచి చల్లార్చిన నీళ్లతో లోపల మూడుసార్లు తొలిచి పారబోయండి. పాలు సీసాలో కలపొద్దు, స్టీలు గ్లాసులో కలపండి. లీటరు నీళ్లు తెర్లనిచ్చి దించి, అరగంట దాటకముందే వాడండి. అప్పటికి నీళ్లు 70 డిగ్రీల దగ్గర ఉంటాయి. ఆ వేడి ఎందుకంటే పాలపొడిలో ఉండగల క్రిములు చావాలి. చల్లనీళ్లతో కలిపితే అవి బతికే ఉంటాయి. డబ్బాలోని చెంచాతోనే, అంచు సమంగా గీసి, లేబుల్ మీద రాసినన్ని నీళ్లకు రాసినన్ని చెంచాలు వేయండి. పొదుపని పల్చగా కలిపితే బిడ్డ ఎండిపోతుంది. గ్లాసును చన్నీళ్ల గిన్నెలో నిలబెట్టి, ముంజేతి మీద చుక్క వేస్తే గోరువెచ్చగా తగిలేదాకా ఆగి, అప్పుడు సీసాలోకి వంచండి. కలిపిన రెండు గంటల్లోపు తాగినంత తాగించి మిగిలింది పారబోయండి. సీసాను మైక్రోవేవ్‌లో పెట్టొద్దు. గీతలు పడి తెల్లబారగానే మార్చేయండి.

ప్రశ్న: తల్లిపాలలో కూడా ఈ రసాయనాలు ఉంటాయని చదివాను. మానేయడం మంచిదా? ఒంట్లోంచి కడిగేసే మందులేమైనా ఉన్నాయా? (ప్రొద్దుటూరు పాఠకురాలు)

జవాబు: మానకండి. జాడలు ఉండడం నిజమే. కానీ డబ్బా పాలు కలిపే నీళ్లలో, పట్టే సీసాలో, పొడిలో కూడా ఉంటాయి. తల్లిపాలలో ఉండే రక్షణ వాటిలో ఉండదు. కడిగేసే మందులని అమ్మేవి ఏవీ కొనొద్దు. బాలింతకు పేరు తెలియని చూర్ణాలు ఇంకా ప్రమాదం, కొన్నిటిలో సీసమే ఉంటుంది.

ప్రశ్న: మావారు పొద్దున్నే ఉగ్గాని బజ్జీ పేపర్లో చుట్టించుకొస్తారు, టీ కవర్లో కట్టించుకొస్తారు. నాకు నాలుగో నెల. తినొచ్చా? (కర్నూలు పాఠకురాలు)

జవాబు: ఉగ్గాని తినొచ్చు, పేపరుతో వద్దు. బజ్జీ నూనె వార్తాపత్రిక సిరాను తడిపి మెత్తబరుస్తుంది, సిరాలోని నూనెలు, రంగులు బజ్జీకి అంటుకుంటాయి. పేపరు తీశాక బజ్జీ మీద అక్షరాలు తిరగబడి అచ్చయి కనిపిస్తాయి చూడండి. తిండి వార్తాపత్రికలో కట్టకూడదని దేశ ఆహార భద్రతా సంస్థ 2018 ప్యాకేజింగ్ నిబంధనల్లోనే ఉంది.

కవర్ల సంగతికొస్తే వేడి, నూనె, పులుపు ఈ మూడూ ప్లాస్టిక్‌లోంచి రసాయనాలను లాగుతాయి. మరిగే టీ వేడి, సాంబారులో మూడూ ఉన్నాయి. నల్ల కవర్లు చాలావరకు పాత ప్లాస్టిక్ కరిగించి చేసినవి, ముందు అందులో ఏమున్నదో ఎవరికీ తెలియదు. మూతున్న స్టీలు క్యారియర్ ఒకటి బండి హ్యాండిల్‌కు తగిలిస్తే సరి. ఇంట్లో కూడా వేడి సంగటి ముద్దను లోపల ప్లాస్టిక్ ఉన్న హాట్‌బాక్స్‌లో పెట్టకండి, స్టీలుది తీసుకోండి. ఊరగాయ జాడీలోనే ఉండనీయండి.

ప్రశ్న: పాపకు స్నానం తర్వాత పౌడరు, కాటుక, సాంబ్రాణి పొగ మా జేజి తప్పనిసరి అంటుంది. మా అమ్మ ఊగిన రంగుల చెక్క ఉయ్యాల కూడా దించింది. ఏది ఉంచాలి? (జమ్మలమడుగు పాఠకురాలు)

జవాబు: జేజమ్మ చెప్పినవాటిలో నువ్వుల నూనె మర్దన ఉంచండి, పెసరపిండి నలుగు మెత్తగా ఉంచండి. పౌడరు తీసేయండి, అది పీల్చితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. లేబుల్ మీద ఫ్రాగ్రెన్స్, పర్ఫ్యూమ్ అని ఉంటే ఆ ఒక్క మాట కింద చాలా రసాయనాలు దాగుంటాయి. వాసన నిలవడానికి వేసే థాలేట్లు వాటిలో ఒకటి. కడుపుతో ఉన్న 6,045 మంది అమెరికన్ స్త్రీలపై జరిగిన 16 అధ్యయనాలను 2022లో కలిపి చూశారు. మూత్రంలో థాలేట్ల జాడలు ఎక్కువున్నవారిలో నెలలు నిండకముందే కాన్పులు ఎక్కువగా కనిపించాయి. అందుకే ఈ నియమం బిడ్డకే కాదు, తల్లి వాడే క్రీములకూ వర్తిస్తుంది. క్రీములు పాడవకుండా వేసే రసాయనాల్లో పేరు చివర పారాబెన్ అని ఉన్నవి కూడా వదిలేయండి. యూరప్‌లో మూడేళ్లలోపు పిల్లల లంగోటీ కింద రాసేవాటిలో ప్రొపైల్, బ్యుటైల్ పారాబెన్లను నిషేధించారు. సాంబ్రాణి పొగ మూసిన గదిలో కట్టెపొయ్యి పొగలాంటిదే, జుట్టు తుడిచి ఎండలో ఐదు నిమిషాలు కూర్చోబెడితే చాలు.

కాటుక, ఉయ్యాల మీద మాత్రం నేను రాజీ పడను. కొన్న సుర్మా, కాటుకల్లో సీసం ఉండొచ్చు, బిడ్డ కళ్లు నలిపి అదే చేయి నోట్లో పెట్టుకుంటుంది. ఇంట్లో ఆముదం దీపం మసితో చేసినదైనా కంట్లో పెట్టొద్దు. దిష్టికైతే అరికాలికి చుక్క పెట్టండి.

ఉయ్యాల రంగు పాతది. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లో ఉంది. అంతకుముందు ఎరుపు, పసుపు ఎనామెల్ రంగుల్లో చాలా ఎక్కువ ఉండేది. అంచు మీద రంగు పెచ్చులు లేచాయేమో వేలితో తడిమి చూడండి. లేచి ఉంటే బిడ్డను పడుకోబెట్టొద్దు. ఉప్పు కాగితంతో గీకించి కొత్త రంగు వేయిద్దామనుకోకండి, ఆ దుమ్ము ఇల్లంతా పరుచుకుంటుంది. చీర ఉయ్యాల కట్టండి. ఇప్పటికే అంచు కొరికి ఉంటే రక్తంలో సీసం పరీక్ష చేయించండి. డెసిలీటరుకు (100 మిల్లీలీటర్లకు) 5 మైక్రోగ్రాములు, అంతకు పైన ఉంటే అది ఎక్కడినుంచి వస్తోందో వెతికి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది.

సీసం బిస్ఫినాల్‌లా రెండు రోజుల్లో పోదు. తల్లి ఎముకల్లో ఏళ్ల తరబడి ఉండి, కడుపులో బిడ్డకు కాల్షియం చాలనప్పుడు ఎముక కరిగి రక్తంలోకి వస్తుంది. ఆసుపత్రిలో ఇచ్చే కాల్షియం మాత్రలు రోజుకు రెండు తప్పక వేసుకోవాల్సింది ఇందుకు కూడా. ఐరన్ మాత్రతో కలిపి వేసుకోకండి, మధ్యలో రెండు గంటల ఎడం ఉండాలి.

ప్రశ్న: మాకు టమాటా, వేరుశనగ. మా ఆయన మందు కొడతాడు, నేను కలుపు తీస్తాను. రెండు నెలలు తప్పింది. (కళ్యాణదుర్గం పాఠకురాలు)

జవాబు: మూడో నెల నిండేదాకా బిడ్డకు సొంత థైరాయిడ్ పనిచేయదు, మెదడు పెరగడానికి మీ థైరాయిడ్ హార్మోనే ఆధారం. టమాటా ఆకుమచ్చకు, వేరుశనగ తిక్క తెగులుకు కొట్టే మాంకోజెబ్ అనే మందు విరిగినప్పుడు వచ్చే ఒక పదార్థం సరిగ్గా థైరాయిడ్‌నే దెబ్బతీస్తుంది. కాబట్టి మందు కలపడం, ట్యాంకు నింపడం మీరు చేయొద్దు. కొట్టిన మడిలోకి లేబుల్ మీద రాసిన గడువు దాకా, అది లేకుంటే కనీసం రెండు రోజులు దిగొద్దు. మీ ఆయన బట్టలు బయటే విప్పి, తనే విడిగా ఉతుక్కోవాలి. సబ్బుతో స్నానం చేశాకే ఇంట్లోకి రావాలి. ఖాళీ మందు డబ్బాలో నీళ్లు, పాలు ఎప్పుడూ పట్టకండి. మూడుసార్లు తొలిచి ఆ నీళ్లు ట్యాంకులోనే పోసి, డబ్బాకు బొక్కలు పొడిచేయాలి.

ఈ నెలలోనే థైరాయిడ్ పనితీరు తెలిపే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష చేయించండి. ఇంట్లో ఏ ఉప్పు వాడుతున్నారో కూడా చూడండి. గోతాల్లో వచ్చే రాళ్ల ఉప్పు చాలావరకు అయోడిన్ లేనిది. ప్యాకెట్ మీద అయోడైజ్డ్ అని ఉన్నదే కొని, మూత బిగించి పొయ్యికి దూరంగా పెట్టి, కూర దించే ముందు వేయండి.

టమాటాలు తినే ముందు లీటరు నీళ్లకు రెండు చెంచాల వంటసోడా కలిపి పావుగంట నానబెట్టి, ధారగా పోసే నీళ్లలో కడగండి. పైన అంటినది చాలావరకు పోతుంది, లోపలికి ఇంకినది పోదు. మందు కొట్టిన తర్వాత కోతకు ఆగాల్సిన రోజులు ఆగడమే దానికి దారి.

ప్రశ్న: సూపర్‌మార్కెట్లో బిల్లింగ్ చేస్తాను, ఐదో నెల. బిల్లు కాగితంతో ప్రమాదమంటున్నారు. (కడప పాఠకురాలు)

జవాబు: గోటితో గీస్తే నల్ల గీత పడే కాగితమైతే అది థర్మల్ పేపరు. దాని పూతలో చాలావరకు బిస్ఫినాల్ పొడిగా ఉంటుంది, వేళ్లకు అంటుతుంది. శానిటైజరు, లోషను రాసుకున్న తడి చేత్తో పట్టుకుంటే చర్మంలోకి ఎక్కువగా దిగుతుంది. అందుకని శానిటైజరు బదులు సబ్బుతో కడిగి, చేయి ఆరాకే కౌంటరు దగ్గర కూర్చోండి. టిఫిను తినే ముందు మళ్లీ కడగండి. చేతి తొడుగులు అడిగితే నైట్రైల్ అనే రబ్బరువి ఇప్పించమనండి. పల్చటి వినైల్ తొడుగుల్లో థాలేట్లు ఉంటాయి. రోలు మార్చేటప్పుడు అంచు పట్టుకోండి. మిగిలిన బిల్లుల కట్ట ఇంటికి తెచ్చి పొయ్యి ముట్టించడానికి వాడకండి, పిల్లలకు గీసుకోవడానికి ఇవ్వకండి.