ఆక్సిజన్ తగ్గితే కణం తన మైటోకాండ్రియాను ఎందుకు అరిగించుకుంటుంది?

"ఆక్సిజన్ తక్కువైతే కణం తన మైటోకాండ్రియాను తనే తినేస్తుందట. శక్తికి కటకటగా ఉన్నప్పుడు శక్తినిచ్చేవాటినే తినడమేమిటి, ఆకలికా?" అని బైపీసీ చదివే మీ తమ్ముడు అడిగాడని రాశారు. చాలా మంచి ప్రశ్న. బయోకెమిస్ట్రీ ఎమ్మెస్సీలో నేనూ ఈ పాఠం చదివాను గానీ, నాకు నిజంగా అర్థమైంది ఆకివీడు దగ్గర మా రొయ్యల చెరువు గట్టు మీద.

అప్పటికి రెండు రోజులుగా ముసురు. ఎండ లేకపోతే నీటిలోని ప్లాంక్టన్ (సన్నటి నాచు లాంటిది) పగలు ఆక్సిజన్ సరిగా ఇవ్వదు. రాత్రయితే రొయ్యలతో పాటు తనూ పీల్చుకుంటుంది. అందుకే డీవో, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, తెల్లవారే ముందు బాగా పడిపోతుంది. ఆ రాత్రి కరెంటు పోయింది. నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగాయి. జనరేటర్ ఎంతకీ స్టార్ట్ కాలేదు. మూడు గంటలకి మీటర్ పెడితే 2.5 పీపీఎం. మేం పెంచే వనామి రకం రొయ్యకి 4 పైన ఉండాలి. రొయ్యలు గట్టు వారకి వచ్చేశాయి. టెన్షన్‌తో నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. నాన్నగారు మెకానిక్‌కి ఫోన్ చేశాక చెప్పిన మొదటి మాట, పొద్దున మేత వేయొద్దని. "ఆక్సిజన్ లేనప్పుడు వేసిన మేత విషం నాన్నా" అన్నారు. తినకుండా మిగిలింది అడుగున కుళ్ళి, ఉన్న కాస్త ఆక్సిజన్ కూడా లాగేస్తుంది.

తెల్లారాక జనరేటర్ తిరిగింది గానీ ముసురు విడవలేదు. దాంతో మూడో వంతు సరుకు పట్టించేశారు. 80 కౌంట్ (కిలోకి 80 తూగే) రొయ్య, ఇంకో నెల ఉంటే మంచి రేటు పలికేది. అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కానీ చెరువులో పీల్చేవి తగ్గాయి, చేతికి కొంత డబ్బు వచ్చింది, మిగతా సరుకు బతికింది.

కణంలోనూ ఇలాంటిదే జరుగుతుంది. మైటోకాండ్రియాలో ఆహారం నుంచి వచ్చిన ఎలక్ట్రాన్లు చేతులు మారుతూ వెళ్ళి చివరికి ఆక్సిజన్‌ను చేరతాయి, అక్కడ నీరు తయారవుతుంది. ఆక్సిజన్ చాలకపోతే చివర అందుకునేవారుండరు. ఎలక్ట్రాన్లు మధ్యలో కిక్కిరిసి పక్కకి కారిపోతాయి, మిగిలిన కాస్త ఆక్సిజన్‌తో కలిసి సూపరాక్సైడ్ లాంటి హానికర పదార్థాలవుతాయి. అవి పొరల్ని, ప్రొటీన్లని, డీఎన్ఏని పాడుచేస్తాయి. అంటే ఆ సమయంలో ఎక్కువ మైటోకాండ్రియా ఉండటమే ప్రమాదం. మీ తమ్ముడు అనుకున్నట్టు ఇది ఆకలితో చేసే పని కాదు.

మా మీటర్ చేసే పని కణంలో హిఫ్-1 అనే ప్రొటీన్ చేస్తుంది. ఆక్సిజన్ బాగా ఉంటే కొన్ని ఎంజైములు ఆ ఆక్సిజన్‌నే వాడి దాని ఆల్ఫా భాగానికి గుర్తు వేస్తాయి, గుర్తు పడింది వెంటనే నాశనమవుతుంది. ఆక్సిజన్ తగ్గితే గుర్తు పడదు. అది పోగై కేంద్రకంలో కొన్ని జన్యువుల్ని పనిలోకి దింపుతుంది. ఈ ఏర్పాటును కనిపెట్టినందుకే సెమెంజా, రాట్‌క్లిఫ్, కేలిన్ అనే శాస్త్రవేత్తలకు 2019లో నోబెల్ వచ్చింది.

ఆ జన్యువుల్లో పీడీకే1 ఒకటి. గ్లూకోజ్ విడిపోతే వచ్చే పైరువేట్, మైటోకాండ్రియాకి మేత అయిన అసిటైల్ కో-ఏగా మారకుండా ఇది అడ్డుకుంటుంది. ఇది నాన్నగారు మేత ఆపడం లాంటిది. ఆపైన కణం గ్లైకాలిసిస్‌తో, అంటే ఆక్సిజన్ లేకుండానే గ్లూకోజ్‌ని విడగొట్టే పద్ధతితో, నెట్టుకొస్తుంది. మామూలుగా ఒక గ్లూకోజ్‌కి 30 దాకా వచ్చే ఏటీపీలు (కణం ఖర్చు పెట్టుకునే శక్తి అణువులు) ఇక్కడ 2కి పడిపోతాయి.

ఇక సరుకు పట్టే పని, హిఫ్-1 వల్లే పెరిగే బీఎన్ఐపీ3, నిక్స్ అనే ప్రొటీన్లది. ఇవి మైటోకాండ్రియా బయటి పొర మీద నిలబడి ఎల్‌సీ3ని పట్టుకుంటాయి. ఎల్‌సీ3 అనేది చుట్టేసే పొర మీద ఉండే ప్రొటీన్. ఆ పొర మైటోకాండ్రియా చుట్టూ సంచిలా చుట్టుకుని, కణంలో అరిగించే సంచి అయిన లైసోజోమ్‌తో కలుస్తుంది. లోపలిదంతా అమైనో ఆమ్లాలు, కొవ్వు ఆమ్లాలుగా విడిపోయి మళ్ళీ వాడకానికి వస్తుంది. దీన్నే మైటోఫాగీ అంటారు. ఎఫ్‌యూఎన్‌డీసీ1 అనే మరో ప్రొటీన్ ముందే అక్కడ ఉంటుంది, ఆక్సిజన్ తగ్గినప్పుడు దాని మీది ఫాస్ఫేట్ ఊడి ఎల్‌సీ3కి గట్టిగా అతుక్కుంటుంది. పుస్తకాల్లో ఎక్కువగా కనిపించే పింక్1-పార్కిన్ దారి ప్రధానంగా దెబ్బతిన్న మైటోకాండ్రియా కోసం, రెండూ కలిపేయొద్దని చెప్పండి.

నన్ను బాగా ఆకట్టుకున్నది 2008లో సెమెంజా బృందం ఎలుక కణాలతో చేసిన ప్రయోగం. తక్కువ ఆక్సిజన్‌లో ఎక్కువసేపు ఉంచినప్పుడు, మైటోఫాగీ జరగని కణాల్లో ఆ హానికర పదార్థాలు పెరిగి కణాలు చనిపోయాయి. మైటోకాండ్రియాను వదులుకోలేని కణాలే ముందు పోయాయి.

అయితే మొత్తం తీసేయడం మామూలుగా జరగదు. మైటోకాండ్రియాను కణం కొత్తగా పుట్టించలేదు, ఉన్నవి పెరిగి విడిపోతేనే కొత్తవి వస్తాయి. మా చెరువులోనూ విత్తనం, అంటే రొయ్య పిల్లలు, బయట నుంచి రావాల్సిందే కదా, కణానికి ఆ వీలు కూడా లేదు. మన ఎర్ర రక్తకణం మాత్రం ఎదిగేటప్పుడు నిక్స్ సాయంతో అన్నింటినీ తీసేసుకుంటుంది. ఆక్సిజన్ మోసే కణమే అయినా తను వాడుకోకుండా, సుమారు 120 రోజుల జీవితమంతా గ్లైకాలిసిస్ మీదే బతుకుతుంది.