పదిహేనేళ్ళు ఆగినోడిని ఒక్క మాటతో తీసెయ్యొద్దు తల్లీ

ప్రశ్న: అక్కా, మాది కందుకూరు. నెల్లూర్లో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నా. మొన్న సెలవులకి ఊరికి పోకుండా రూమ్‌లో నలుగురం కలిసి ది రెడ్ స్లీవ్ అనే కొరియన్ సీరియల్ చూశాం, సబ్‌టైటిల్స్ పెట్టుకుని 17 ఎపిసోడ్లూ మూడు రాత్రుల్లో అయిపోగొట్టాం. రాజు యి సాన్, ఆయన దగ్గర పనిచేసే పరిచారిక దొగిమ్, వాళ్ళిద్దరి కథ అది. చివర్లో సాన్ కోసం నేను వెక్కి వెక్కి ఏడ్చాను. మిగతా ముగ్గురూ నా మీద పడ్డారు. ఆ పిల్లతో క్షమాపణ పత్రాలు రాయించి రాయించి చంపాడు, తర్వాత కోపమొచ్చి అంతఃపురం నుంచే బయటికి పంపించేశాడు, ఆమె ఫ్రెండ్‌ని మరణశిక్ష నుంచి కాపాడలేదు, అట్టాంటోడి కోసం ఏడుస్తావేంది, పెద్ద రెడ్ ఫ్లాగ్ వాడు అంటున్నారు. ఒకమ్మాయైతే, పనిచేసే ఆడమనిషిని కోరుకున్న కీచకుడికీ వీడికీ తేడా ఏంది చెప్పు అనింది. నాకు నోట మాట రాలేదు. సాన్ నాకు నచ్చడం తప్పా అక్కా?

జవాబు: తప్పు కాదు తల్లీ. ముందు ఆ మాట చెప్పేస్తే మిగతాది నువ్వు స్థిమితంగా చదువుకుంటావు. నేనూ ఆ సీరియల్ రెండుసార్లు చూశాను, రెండోసారి మా అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో మాటా తెలుగులో చెప్తా చూపించాను, ఆమె కూడా సాన్ పక్షమే.

అయితే నీ ఫ్రెండ్స్ చెప్పిన లిస్టులో అబద్ధం ఒక్కటి లేదు, అది ఒప్పుకునే మనం మాట్లాడాలి. సాన్ చాలా మంచోడు, మీకే అర్థం కాలేదు అని వాదనకి దిగితే ఓడిపోతాం. ఆయనలో తప్పులున్నాయి, అవి ఎక్కణ్ణించి వచ్చాయో మొదటి ఎపిసోడ్ నుంచీ చూపిస్తా వచ్చారు, మనం దాన్ని చూడాలి గదా.

1762లో యొంగ్జో అనే రాజు తన సొంత కొడుకుని బియ్యం పోసుకునే చెక్కపెట్టెలో పెట్టించి మూత బిగించాడు. ఎండాకాలం. ఎనిమిది రోజులు. ఆ పెట్టెలో చచ్చిపోయిన సాదో యువరాజే సాన్ వాళ్ళ నాన్న, అప్పటికి ఈ పిల్లోడికి పదేళ్ళు కూడా నిండలేదు. ఇది సీరియల్ కోసం అల్లిన కథ అనుకోవద్దు, జోసోన్ అనే పాత కొరియా రాజ్యం చరిత్రలో నిజంగా జరిగింది. నాన్నని చంపిన ఆ తాత నీడలోనే ఇంకో పద్నాలుగేళ్ళు పెరిగాడు, 1776లో తాత పోయి తను గద్దెక్కేదాకా, పొద్దున లేస్తే ఈరోజు ఆయన నవ్వుతాడా ఉరుముతాడా అని మొహం చూసి లెక్కేసుకోవడమే బతుకు.

ఇప్పుడు ఆలోచించు. ఒక మనిషి కోపానికి అడ్డూ ఆపూ లేకపోబట్టి నాన్న పోయాడు. అది కళ్ళారా చూసిన కొడుకు రేపు రాజైతే దేన్ని పట్టుకుంటాడు? రూల్‌ని పట్టుకుంటాడు, నా మనసు ఎంత లాగినా చట్టం దాటను అని పంతం పడతాడు. దొగిమ్ స్నేహితురాలు యొంగ్‌హీ విషయంలో జరిగింది అదే. అంతఃపురం ఆడమనిషి ఇంకొకరిని ప్రేమిస్తే ఆ రోజుల్లో తల తీసే నేరం. నా భార్య దొగిమ్ ఏడుస్తుందని ఇవాళ ఒకర్ని వదిలేస్తే, నాకు కోపమొచ్చిందని రేపు ఒకర్ని చంపడానికి కూడా అదే దారి అవుతుంది గదా, తాత నడిచిన దారి అదే గదా, ఆ భయం సాన్‌ది. ఆ భయానికి ఖరీదు మాత్రం దొగిమ్ కట్టింది. రెండోసారి చూసేటప్పుడు నేను ఆ భాగం ముందుకి జరిపేశాను, చూడలేకపోయాను.

ఇంక ఆ ఎర్ర చేతుల సంగతి. పరిచారికలు వేసుకునే పైబట్టకి చేతుల చివర ఎర్ర గుడ్డ కుట్టి ఉంటుంది చూశావా, ఈమె రాజుగారి మనిషి అని గుర్తు అది, సీరియల్ పేరు దాన్నించే వచ్చింది. పసిపిల్లలుగా లోపలికి తీసుకుంటారు, బయట పెళ్ళి అనేది ఉండదు, చచ్చేదాకా ఆ ముద్ర పోదు. అట్టాంటి చోట రాజు నువ్వంటే నాకిష్టం అన్నాడనుకో, ఆయన ఎంత మెల్లగా అన్నా అది ఆర్డర్ అయిపోద్ది. దొగిమ్‌కి అది బాగా తెలుసు. ఆ పిల్లకి తన జీతం ఉంది, ముగ్గురు స్నేహితురాళ్ళున్నారు, కథల పుస్తకాలు కాపీ రాసి, నలుగురికి చదివి వినిపించి నాలుగు డబ్బులు దాచుకుంటుంది. చరిత్రలో నిజంగా ఉన్న దొగిమ్ కూడా రాసేదమ్మా, 1773లో సాన్ చెల్లెళ్ళతో కలిసి ఒక పెద్ద నవలని చేత్తో కాపీ చేసింది, ఆ ప్రతి ఇప్పటికీ ఉంది. చిన్నదే అయినా తనది అనుకునే బతుకు అది, రాజు భార్య అయితే ఒక్కటీ మిగలదు. అందుకే వద్దంది. ఆమె వద్దనడం న్యాయం, ఆయన బాధపడ్డమూ న్యాయమే, ఇద్దర్లో ఒకర్ని విలన్ చేస్తే తప్ప మనకి నిద్ర పట్టదంటే ఎట్టా?

కీచకుడి మాటకొస్తాను. నెల్లూర్లో చదువుతున్నారు, తిక్కన గారి ఊరు, ఆయన భారతం మొదలుపెట్టిందే విరాటపర్వంతో, కాబట్టి ఆ పోలిక తెచ్చిన అమ్మాయిని నేను తిట్టను, మంచి ప్రశ్నే వేసింది. కీచకుడు ఏం చేశాడు? సైరంధ్రి వద్దంటే అక్క సుదేష్ణ దగ్గరికి పోయాడు, మద్యం తెమ్మనే వంకతో ఆమెని తన ఇంటికి పంపించుకున్నాడు, ఆమె తప్పించుకుని సభలోకి పరిగెత్తితే అందరి ముందూ తన్నాడు. వద్దు అనే మాట ఆ చెవికి ఎక్కనే లేదు. చరిత్రలో ఉన్న నిజం సాన్‌కి ఎక్కింది. యువరాజుగా ఉన్నప్పుడు అడిగాడు, రాణిగారికే ఇంకా బిడ్డ లేదు నేనెట్టా ఒప్పుకుంటాను అని ఆమె ఏడ్చింది, ఈయన సరేనని ఆగిపోయాడు, ఆగింది ఒక ఏడాదో రెండేళ్ళో కాదమ్మా పదిహేనేళ్ళు, మధ్యలో రాజు కూడా అయ్యాడు, అడిగేవాడు లేడు, అయినా ఆగాడు.

పదిహేనేళ్ళ తర్వాత మళ్ళీ అడిగాడు, ఆమె మళ్ళీ కాదంది, అప్పుడు ఆమె దగ్గర పనిచేసేవాళ్ళని శిక్షించాడు, దాంతో ఆమె ఒప్పుకుంది. ఇక్కడ నేను ఆయన్ని వెనకేసుకురాను, ఇది బలవంతమే. కానీ మనకి ఈ సంగతి ఎట్టా తెలిసిందో తెలుసా? ఆమె పోయాక సమాధి కోసం రాజే స్వయంగా కూర్చుని రాసిన రాతలో ఉంది. ఆమె ఎంత వినయం గలదో చెప్పడానికే రాసుంటాడు, అయినా తను చేసింది తుడిచెయ్యకుండా రాశాడు. అంత పెద్ద రాజ్యంలో అది రాయకపోతే అడిగేదెవరు? ఆ రాత గురించి తెలిసిన రోజే నేను సాన్ పక్షం అయిపోయాను.

క్షమాపణ పత్రాల గురించి పెద్దగా చెప్పేదేం లేదు, కుర్రోడి చిల్లర పంతం అది. తను యువరాజునని దాచి ఆమెతో మాట్లాడతా ఉన్నాడు, తనకి భయపడకుండా ఎదురు మాట్లాడే మనిషి మొదటిసారి దొరికింది, మళ్ళీ మళ్ళీ రాయమంటే మళ్ళీ మళ్ళీ రావాలి గదా. బయటికి పంపించేశాడే, అది మాత్రం పచ్చి అహం.

నాకు ఆయన అసలు లోపం ఇంకోటి అనిపిస్తుంది. మన రొట్టెల పండగకి వచ్చావా ఎప్పుడైనా? మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో మోకాటి లోతు నీళ్ళల్లో నిలబడి, కోరిక తీరినోళ్ళు రొట్టె ఇస్తా ఉంటారు, కోరిక ఉన్నోళ్ళు చెయ్యి చాపి తీసుకుంటా ఉంటారు. చదువు రొట్టె, పెళ్ళి రొట్టె, సంతానం రొట్టె. ఎంత ఆస్తి ఉన్నోడైనా ఆ నీళ్ళల్లో ముక్కూ మొహం తెలియని మనిషి ముందు చెయ్యి చాపాల్సిందే. సాన్‌కి ఆ చెయ్యి చాపడం రాదు. పుట్టినకాణ్ణించీ ఇవ్వడమే నేర్పారు ఆయనకి, హోదా ఇస్తాను, భవనం ఇస్తాను, నా కుటుంబం అవ్వు అంటాడు, అన్నీ పైనుంచి కిందకి ఇచ్చేవే. నాకు నీ ప్రేమ కావాలి, నీ చేతిలో ఉంది, ఇస్తేనే నాకు దక్కుద్ది అని అడగడానికి ఆయనకి జీవితమంతా పట్టింది. నీకు ఏడుపొచ్చింది దానికే అనుకుంటా.

ప్రశ్న: మేడమ్, కావలి నుంచి రాస్తున్నాను. నా కూతురు ఇంటర్. ఇట్టాంటి కోపిష్టి, అనుమానం హీరోలని చూసి చూసి రేపు అట్టాంటి మొగుడు దొరికినా ప్రేమే అనుకుని సర్దుకుపోద్దేమోనని నాకు భయంగా ఉంది. చూడొద్దని చెప్పమంటారా?

జవాబు: చూడొద్దంటే దుప్పట్లో దూరి ఫోన్లో చూస్తుందమ్మా. మీ భయం నాకు తెలుసు, నాకూ ఆడపిల్ల ఉంది, నేను తీసిపారెయ్యను. మీరూ పక్కన కూర్చుని చూడండి. చూస్తా చూస్తా, ఇక్కడ నువ్వైతే ఏం చేసేదానివే అని అడగండి, పాఠం చెప్పినట్టు కాకుండా మామూలుగా అడగండి. రెడ్ స్లీవ్‌లో మంచి సంగతి ఏందంటే సాన్ తప్పు చేసినప్పుడు దొగిమ్ మొహం మీద కెమెరా ఉంటుంది, ఆమెకి ఏం పోయిందో మనకి కనపడుతుంది, ఆయన కోపాన్ని మగతనం అని చూపించి మనచేత చప్పట్లు కొట్టించరు. అట్టా చప్పట్లు కొట్టించే సినిమాలు మన దగ్గర ఎన్ని చూసి పెరిగాం మనం, వాటికంటే ఇది వెయ్యి రెట్లు నయం. ఇంకొకటి, సాన్ మీద జాలిపడ్డం వేరు, అట్టాంటోడితో కాపురం చెయ్యడం వేరు, ఈ తేడా పిల్లలకి మనం అనుకున్నదానికంటే బాగానే తెలుసు. నువ్వంటే ప్రేమ కాబట్టే నీ ఫోన్ చెక్ చేస్తున్నా అనేవాడు రేపు ఎదురైతే ఆ రోజే ఇంట్లో చెప్పేంత చనువు మీ దగ్గర ఉండేలా చూసుకోండి, ఆ చనువు ఇట్టా కలిసి సీరియల్ చూసేటప్పుడే వస్తుంది.

ప్రశ్న: ఒంగోలు నుంచి. చనిపోయే ముందు దొగిమ్ రాజుని కాకుండా స్నేహితురాళ్ళని పిలవమంటుంది. వచ్చే జన్మలో కనపడితే తెలియనట్టు వెళ్ళిపొమ్మంటుంది. అంటే ఆమె ఆయన్ని ప్రేమించనట్టే గదా? ప్రేమించని ఆడమనిషి కోసం అంత ఏడ్చినోడిని చూసి జాలిపడాలా, కోప్పడాలా?

జవాబు: అక్కడే ఆయన అడుగుతాడు చూడండి, నన్ను కొంచెమైనా ఇష్టపడలేదా అని. దానికి ఆమె ఇంకా తెలియలేదా అంటుంది, నిజంగా ఇష్టం లేకపోతే ఎట్టాగైనా పారిపోయేదాన్ని, ఉండాలని నేనే అనుకున్నా కాబట్టి ఉన్నాను అని అర్థం వచ్చేలా చెప్తుంది. మా నాయనమ్మ మా తాతతో యాభై ఏళ్ళు కాపురం చేసింది, ఒక్కసారైనా ఇష్టం అనే మాట ఆమె నోట వినలేదు మేము, కానీ ఆయన భోంచేసేదాకా ఆమె కంచం ముందు కూర్చోలేదు. కొందరంతే, నోరు తెరిచి చెప్తే ఆ మిగిలిన కాస్తా కూడా తమది కాకుండా పోద్దేమోనని చెప్పరు. దొగిమ్ దగ్గర రాజుకి ఇవ్వకుండా దాచుకున్నది ఆ ఒక్క మాటే, వచ్చే జన్మలో నన్ను నా మానాన బతకనియ్యి అని ఆమె అడిగిందంటే ఈ జన్మలో ఎంత వదులుకుందో చూడండి.

నిజం కథ ఇంకా బరువు. 1786లో వాళ్ళ కొడుకు మున్హ్యో తట్టు సోకి చనిపోయాడు, పసివాడు. కొన్ని నెలలకే కడుపులో ఇంకో బిడ్డతో ఆమె కూడా పోయింది. కొడుకుని పెట్టిన చోటే ఆమెనీ పెట్టించాడు సాన్, సియోల్‌లో ఇప్పుడు హ్యోచాంగ్ పార్క్ ఉన్న చోటు అది. ఆ తర్వాత పద్నాలుగేళ్ళు బతికాడు, రాజ్యం చూసుకున్నాడు, నాన్న సమాధిని సువన్‌కి మార్పించాడు, అక్కడ కోట కట్టించాడు, 1800లో పోయాడు. దేశానికి మంచి రాజు అని పేరు.

సీరియల్ ఆఖర్న ఆయన కళ్ళు తెరిస్తే దొగిమ్ పక్కన ఉంటుంది. ఎప్పట్లాగే గుమ్మం దాటి రాజ్యం పనికి పోవాలి. పోబోయి వెనక్కి తిరిగి వస్తాడు. హోదాలూ భవనాలూ ఏమీ ఇవ్వకుండా, నన్ను ప్రేమించు అని అడుగుతాడు, దయచేసి ప్రేమించు అంటాడు. సాన్‌గా వేసిన లీ జున్ హో ఆ మాట అనేటప్పుడు గొంతు చూడండి, రాజు గొంతు కాదది, స్వర్ణాల చెరువులో నిలబడి చెయ్యి చాపిన మనిషి గొంతు. ఆమె ఇస్తుంది.