వైరస్ మీద పీహెచ్‌డీ చేసి క్యాన్సర్ ఇమ్యునాలజీలోకి వెళ్లవచ్చా?

ప్రశ్న: దీర్ఘకాలిక వైరస్ ఇన్ఫెక్షన్లలో టి-కణాల (ఒక రకం రోగనిరోధక కణాల) ప్రవర్తన మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. ఆరు నెలల్లో థీసిస్ సమర్పిస్తాను. క్యాన్సర్ ఇమ్యునోథెరపీలో (రోగనిరోధక శక్తితోనే క్యాన్సర్‌ను ఎదుర్కొనే చికిత్సలో) పోస్ట్‌డాక్ చేయాలని ఉంది గానీ, కణితులతో ఎన్నడూ పనిచేయలేదు. పేరున్న పెద్ద ల్యాబ్‌కు రాయాలా, చిన్నదాన్ని ఎంచుకోవాలా?

జవాబు: మీరు లోటు అనుకుంటున్న వైరస్ పనే మీ దరఖాస్తుకు బలం. ఈ రంగంలో ఇవాళ అందరి నోటా వినిపించే ‘టి-కణాల అలసట’ను, అంటే ఎక్కువకాలం పోరాడి ఆ కణాలు సత్తువ కోల్పోవడాన్ని, మొదట గమనించింది కణితుల్లో కాదు, 1990లలో, ఎలుకల శరీరంలో తిష్ఠ వేసిన ఎల్‌సీఎంవీ అనే వైరస్ మీద జరిగిన పరిశోధనల్లో. అలా అలసిన కణాలకు, వాటి మీద బ్రేకులా పనిచేసే పీడీ-1 అనే ప్రోటీన్ మార్గాన్ని అడ్డుకుంటే కొంత సత్తువ తిరిగి వస్తుందని 2006లో తేలింది కూడా ఆ వైరస్‌తోనే. అసలు పీడీ-1 జన్యువును 1992లో జపాన్ శాస్త్రవేత్త తసుకు హోంజో బృందం కనుగొన్నప్పుడు వారు వెతుకుతున్నది కణాల మరణానికి కారణమయ్యే జన్యువుల కోసం. ఆయన అమెరికా శాస్త్రవేత్త జేమ్స్ అల్లిసన్‌తో కలిసి నోబెల్ అందుకున్నది 2018లో. అందువల్ల ‘నాకు క్యాన్సర్ అనుభవం లేదు’ అన్న సంజాయిషీతో ఉత్తరం మొదలుపెట్టకండి. మీ వైరస్ నమూనాలో చూసిన ఏ విషయాన్ని కణితిలో పరీక్షించదలచారో రెండు వాక్యాల్లో రాయండి.

అయితే ఇంటర్వ్యూలో తేలికగా దొరికిపోయే చోటు ఒకటుంది. ఏ కణితి నమూనా (ప్రయోగం కోసం ఎలుకల్లో పెంచే కణితి) వాడతారని అడిగితే పేరు చెప్పి ఊరుకోవద్దు. ఎంసీ38 అనే ఎలుక పేగు క్యాన్సర్ కణితి పీడీ-1ను అడ్డుకునే మందుకు బాగానే లొంగుతుంది, బి16 అనే మెలనోమా ఆ ఒక్క మందుకు పెద్దగా లొంగదు. ఏది ఎందుకు ఎంచుకున్నారన్న దాన్నిబట్టే మీ ఆలోచన లోతు వారికి తెలుస్తుంది. కణాలను ఒక్కొక్కటిగా లేజర్ కాంతిలో పరిశీలించే ఫ్లో సైటోమెట్రీ మీకు ఎలాగూ వచ్చే ఉంటుంది. కాకపోతే కణితిని విడగొట్టినప్పుడు చనిపోయిన కణాలు చాలా ఎక్కువగా వస్తాయి కనుక, వాటిని వేరుచేసే రంగు వాడకుండా తీసిన ఫలితాన్ని ఎవరూ నమ్మరు. ఈ ఆరు నెలల్లో, బహిరంగంగా అందుబాటులో ఉన్న కణితుల సింగిల్-సెల్ ఆర్‌ఎన్‌ఏ డేటాను (ఒక్కో కణంలో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో చూపేదాన్ని) ఒకదాన్ని తీసుకుని, మీ ప్రశ్నతో స్వయంగా విశ్లేషించి చూడండి.

ఫెలోషిప్‌ల విషయంలో ఆలస్యం పనికిరాదు. యూరప్‌లోని మేరీ క్యూరీ పోస్ట్‌డాక్ ఫెలోషిప్‌కు గడువు తేదీ నాటికి పీహెచ్‌డీ పూర్తయి ఉండాలి, ఆ ముందు 36 నెలల్లో 12 నెలలకు మించి ఆతిథ్య దేశంలో ఉండి ఉండకూడదు. అమెరికాలోని క్యాన్సర్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ఇచ్చేది మూడేళ్ల ఫెలోషిప్. ఏదైనా సరే, మిమ్మల్ని చేర్చుకునే ల్యాబ్ ముందుగా ఖరారు కావాలి. ఆ ఉత్తరాలు ఇప్పుడే మొదలు కావాలి.

ఇక పెద్దదా, చిన్నదా అన్న మాట. టి-కణాలను క్యాన్సర్‌ను గుర్తించేలా మార్చి రోగికి ఎక్కించే కార్-టి చికిత్సకు 2017లో అమెరికాలో తొలి ఆమోదం లభించాక అటువైపు ఆకర్షణ పెరిగింది. రక్త క్యాన్సర్లలో అది సాధించినంత ఘన కణితుల్లో (అవయవాల్లో గడ్డలుగా పెరిగేవాటిలో) ఇంకా సాధించలేదు: ఆ టి-కణాలు కణితిలోకి చేరడమే కష్టం, చేరినా అక్కడి వాతావరణం వాటిని అణచివేస్తుంది, పైగా కణితిలోని కణాలన్నిటి మీదా అవి వెతికే ఒకే గుర్తు ఉండదు. అలసటను చదివిన మీకు పని ఉన్నది సరిగ్గా అక్కడే. పెద్ద ల్యాబ్‌లో పరికరాలకూ రోగుల నమూనాలకూ కొదవ ఉండదు గానీ, ఒకే ప్రశ్న మీద ఇద్దరు పోటీపడే పరిస్థితీ ఉంటుంది, అధిపతి నెలకొకసారి కనిపించడమూ ఉంటుంది. అక్కడి నుంచి వెళ్లిపోయిన ఇద్దరు ముగ్గురితో, ఇప్పుడున్నవారితో కంటే ముందుగా, మాట్లాడండి. చివరగా ఆ అధిపతినే అడగండి: ‘నేను వెళ్లేటప్పుడు ఈ ప్రాజెక్టులో ఏ భాగాన్ని నాతో తీసుకువెళ్లవచ్చు?’ ఆ ప్రశ్నకు సూటిగా బదులివ్వకుండా మాట మార్చే ల్యాబ్‌లో, దాని పేరు ఎంత పెద్దదైనా, నేనైతే చేరను.